పారేయమన్న నార

ముప్ఫయ్యొక్క ఏళ్ల ఉద్యోగంలో నాకు ఒకే ఒక్కసారి శాలువా కప్పారు. ఏ పనికి కప్పారో, ఆ పనిలోనే నా జీవితంలోకెల్లా పెద్ద పొరపాటు దాగి ఉందని తేలడానికి నాలుగు నెలలు పట్టింది. శాలువా తిరిగి ఇవ్వమని ఎవరూ అడగలేదు. నేనూ ఇవ్వలేదు. ల్యాబుల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను పిలిచి, "మేడమ్, ఆ నార ఫిల్టరు సంగతి చెప్పండి" అంటారు. వాళ్లకు కావలసింది శాలువా దాకా ఉన్న కథ. నేను మిగతాది కూడా చెబుతాను. పేర్లు మాత్రం రాయను. ఇందులో ఉన్నవాళ్లంతా నాకు ఇప్పటికీ బస్సుల్లో ఎదురవుతూనే ఉంటారు.

మా నాన్న విజయనగరం వైపు నుంచి బస్తర్ గనుల్లో పనికి వచ్చారు. నేను బచేలీ క్వార్టర్లలో పెరిగాను. ఇంట్లో మా ఊరి తెలుగు, బళ్లో హిందీ, సంతలో హల్బీ. కెమిస్ట్రీ చదివి, నీటి పరీక్షలు చేసే ఒక ల్యాబ్‌లో చేరి, అందులోనే రిటైరయ్యాను. ఎక్కడెక్కడి బావుల నుంచో, బోర్ల నుంచో బాటిళ్లు వస్తాయి. వాటిలో కంటికి కనిపించనిది ఏముందో చెప్పడం నా పని. అందరికీ మంచినీళ్లుగా కనిపించేదాంట్లో నాకొక్కదానికే ఇంకేదో కనిపిస్తుందని కాస్త పొగరు కూడా ఉండేది.

మద్దేడ్ దాటి భోపాలపట్నం వైపు పోతుంటే రోడ్డు పక్కన ఒక షెడ్డు ఉండేది. లారీల, ట్రాక్టర్ల పాత బ్యాటరీలు విప్పి బాగుచేసేవారు. బ్యాటరీలో ఉండేది సీసం, ఆమ్లం. వాటిని కడిగిన నీళ్లు వెనక కాలువలోంచి వాగులోకి పోయేవి. వాగుకు దిగువన పాతిక ముప్ఫై ఇళ్ల పల్లె. ఎండలు ముదిరితే వాళ్లు వాగు ఇసుకలో చెలమ తవ్వుకుని ఆ నీళ్లే తాగుతారు. ఒకసారి మాకు వచ్చిన బాటిళ్లలో ఆ చెలమ నీళ్లు ఉన్నాయి. వాటిలో సీసం తేలింది. నా చెయ్యి తప్పిందేమోనని రెండోసారి చేశాను. మళ్లీ తేలింది.

సీసానికి రుచి లేదు, వాసన లేదు. పెద్దవాళ్లను నెమ్మదిగా, పసిపిల్లలను తొందరగా దెబ్బతీస్తుంది. ముందు మెదడు మీద పడుతుంది. షెడ్డు మూయించే అధికారం నాకు లేదు కాబట్టి ఉత్తరాలు రాశాను. ఉత్తరాలు వాటి దారిన అవి తీరిగ్గా ప్రయాణం చేస్తున్నాయి. పల్లెవాళ్లు మాత్రం రోజూ ఆ నీళ్లే తాగుతున్నారు. షెడ్డు యజమానిని కలిస్తే, "చేయమంటే చేస్తాను మేడమ్, నా తాహతుకు తగ్గది చెప్పండి" అన్నాడు.

అప్పుడు నార గుర్తొచ్చింది. మొక్కల నారకు నీళ్లలోని లోహాన్ని పట్టుకునే గుణం ఉంది. ఇది నేను కనిపెట్టిందేమీ కాదు, మాలాంటి వాళ్లందరికీ తెలిసిందే. కొబ్బరి పీచు, జనుము, గోగు ఏదైనా కొంత పట్టుకుంటుంది. బట్టల సోడా కలిపిన నీళ్లలో ఉడికిస్తే ఇంకా బాగా పట్టుకుంటుంది. ఒక్కటే షరతు. నీళ్లు పుల్లగా ఉండకూడదు. పులుపు తగిలితే నార పట్టుకోవడం మానేయడమే కాదు, పట్టుకున్నది కూడా వదిలేస్తుంది. అందుకే ముందు సున్నం కలిపి ఆమ్లాన్ని చంపాలి. ఈ సంగతి నోట్‌బుక్‌లో రాసుకుని కింద ఎర్ర సిరాతో గీత కూడా గీశాను.

ఆ పల్లెలో ప్రతి పెరట్లోనూ గోగు ఉంది. వాళ్లు పుంటి అంటారు. ఆకు కూరకు, కట్టె నారకు. మా జీపు డ్రైవరు సుక్మా వైపు మనిషి, నాలుగు భాషలు నీళ్లలా మాట్లాడతాడు. నార తీయడంలో చెయ్యి తిరిగిన ఆవిడ ఉందని అతనే నన్ను ఒకింటికి తీసుకెళ్లాడు. అరవై దాటిన మనిషి. ఊరంతా పెద్దమ్మ అంటుంటే నేనూ అలాగే పిలిచాను.

నార తీయడం ఎప్పుడైనా చూశారా? కోసిన కట్టెలను మోపులు కట్టి, మడుగులో ముంచి, పైన రాళ్లు పెట్టి, పదిహేను రోజులు కుళ్లనివ్వాలి. తర్వాత మోకాలిలోతు కంపు నీళ్లలో నిలబడి ఒక్కొక్క కట్టె నుంచీ తొక్క ఒలిచి, జాడించి, ఎండబెట్టాలి. ఆ నారతో అరచేతి మందాన గుండ్రటి బిళ్లలు కావాలని అడిగాను. పెద్దమ్మ ఒకటి చేసి నా చేతిలో పెట్టింది.

"గింత మెత్తగ చాలునా, మేడం? షెడ్డు నీళ్లకేనా, ఇంకెవరికన్న తలగడ చేస్తున్నవా?" అని నవ్వింది.

షెడ్డు వెనక మూడు సిమెంటు తొట్లు కట్టించాం. మొదటిదాంట్లో సున్నం కలుస్తుంది. రెండోదాంట్లో మడ్డి అడుక్కు దిగుతుంది. మూడోదాంట్లో నీళ్లు నార బిళ్లల గుండా పోతాయి. బిళ్లలు పదిహేను రోజులకోసారి మార్చాలి. మొదటి నెల రిపోర్టు చూసి మా ల్యాబ్ ఇన్‌చార్జి జిలేబీ తెప్పించాడు. రాయపూర్ మనిషి, నాకంటే పదేళ్లు చిన్న, ఎప్పుడూ ఏదో ఒక కంగారులో ఉండేవాడు. ఆ రోజు మాత్రం కంగారు మర్చిపోయి రెండు జిలేబీలు తిన్నాడు. మూడో తొట్టి దాటిన నీళ్లలో సీసం మా యంత్రానికి అందనంతగా తగ్గిపోయింది. ఫొటోలు తీశారు, శాలువా కప్పారు. ఇదే పద్ధతి ఇంకో రెండు చోట్ల పెట్టాలని రాయపూర్‌లో అనుకుంటున్నారని కబురొచ్చింది.

ఇక నా పొరపాటు. రెండో తొట్టిలో పేరుకునే తెల్లటి మడ్డి చూడగానే విషంలా ఉండేది. దాన్ని డ్రమ్ముల్లోకి ఎత్తించి, మూతలు బిగించి, పుర్రె బొమ్మలు అంటించి, అలాంటి చెత్తను తీసుకునేవాళ్లకు అప్పగించే ఏర్పాటు చేశాను. బిళ్లలు మాత్రం తొట్టిలోంచి తీశాక కూడా కొంచెం బూడిద రంగు తిరిగి, అంతే మెత్తగా, చూడ్డానికి శుభ్రంగా ఉండేవి. షెడ్డుకు ఇచ్చిన సూచనల కాగితంలో ఆఖరి పంక్తిగా "వాడిన బిళ్లలు పారేయాలి" అని రాశాను. హిందీలో రాశాను, తెలుగులోనూ రాశాను. రెండు భాషల్లోనూ తప్పే రాశాను.

నాలుగు నెలలు గడిచాయి. చింతపండు రోజులు వచ్చాయి. ఒక గురువారం ఉదయం వాగు నీళ్లు పట్టుకోవడానికి వెళ్లాను. ఇంటింటి ముందూ ఆడవాళ్లు కూర్చుని చింతకాయలు దంచి గింజలు తీస్తున్నారు. నన్ను చూసి పెద్దమ్మ లేచి వచ్చింది.

"పోతున్నవా గట్లనే? మనుమరాలిని చూసి పో. మా బిడ్డ పురిటికొచ్చింది. పాప పుట్టి రెండు నెలలైతంది."

వాకిట్లోకి అడుగు పెట్టగానే దండెం మీద వరసగా ఆరేసిన బిళ్లలు కనిపించాయి. కొత్తవి అనుకున్నాను. "అప్పుడే ఇన్ని చేశావా పెద్దమ్మా?" అన్నాను.

"కొత్తయి కావు, మీ తొట్లయే. షెడ్డోడు కంచెవతల పారేసిండు. నడుములు పడిపోయేదాక ఒలిచి తీసిన నార, ఒక్క పోగన్న తెగలే. గంత మంచిది పారేస్తరా ఎవలన్న? వాగుల మూడుసార్లు జాడిచ్చి తెచ్చుకున్న."

"వీటితో ఏం చేస్తున్నావు?"

ఆవిడ గడప పక్కన కూర్చుని ఒక సత్తు గిన్నె దగ్గరికి లాక్కుంది. దంచగా మిగిలిన చింతతొక్కు కొంచెం బిళ్ల మీద పెట్టి గిన్నెను గుండ్రంగా రుద్దడం మొదలుపెట్టింది. గిన్నె తళతళలాడింది.

"జూడు, అద్దం లెక్క అయితంది. ఊరందరికీ ఇచ్చిన. అడిగినోళ్లకి లేదంటమా? గీ గిన్నె మా బిడ్డకి జావ కాసేది. బాలింత కద, అన్నిటికన్న ఎక్కువ దీన్నే తోముత."

ల్యాబ్‌లో వాడేసిన నార నుంచి సీసాన్ని తిరిగి రాబట్టాలంటే మేం చేసే పని సరిగ్గా ఇదే. పుల్లటి నీళ్లలో వేసి పిసుకుతాం. నేను నీళ్లలోంచి తీసిన విషాన్ని నారలో కూడబెట్టి, నాలుగు నెలలుగా ఆ ఊరి వంటగిన్నెలకు పంపిస్తున్నాను. వాగులో అది పలచగా ఉండేది. ఇక్కడ చిక్కబడి ఉంది. లోపల గదిలో పెద్దమ్మ కూతురు పాపకు పాలిస్తూ నన్ను చూసి నవ్వింది. ఇరవై రెండేళ్లు ఉంటాయేమో.

అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. "ఒక రెండు బిళ్లలు ఇవ్వు పెద్దమ్మా, పరీక్షకు కావాలి" అని తీసుకుని జీపెక్కాను. తోమిన గిన్నెలో జావ పొయ్యి మీదికి ఎక్కడం చూస్తూ కూడా బయల్దేరి వచ్చేశాను. దారిలో డ్రైవరు రెండుసార్లు పలకరించి ఊరుకున్నాడు.

సాయంత్రంలోగా బిళ్లను చింతపండు నీళ్లలో నానబెట్టి పరీక్ష చేశాను. అనుమానం ఎక్కడా మిగల్లేదు. ఇన్‌చార్జి కాగితం రెండుసార్లు చదివాడు. తర్వాత తలుపు దగ్గరికి వేసి నెమ్మదిగా అన్నాడు.

"మేడమ్, సోమవారం రాయపూర్ వాళ్లు చూడ్డానికి వస్తున్నారు. మనిషిని పంపి ఊళ్లో కొత్త స్క్రబ్బర్లు పంచుదాం, పాతవి తెప్పించేద్దాం. జనాన్ని ఇప్పుడే భయపెట్టడం ఎందుకు? సోమవారం గడవనివ్వండి, తర్వాత మెల్లగా చెప్పొచ్చు."

ఆయన చెడ్డవాడు కాదు. నేను పడుతున్న భయమే ఆయనా పడుతున్నాడు. ఆ మాట నా చెవికి ఎంత హాయిగా వినిపించిందో చెప్పలేను. "సరే సర్" అన్నాను.

శుక్రవారం ఎవరూ ఊరికి వెళ్లలేదు. కొత్త స్క్రబ్బర్లు కొనడానికి ఎవరి సంతకం కావాలో తేలేసరికే పొద్దు వాలింది. గీదంలో నా అద్దె గదికి వెళ్లి, తిని, గిన్నెలు తోముకుంటున్నాను. చెయ్యి ఆగిపోయింది. ఆ బాలింత గిన్నె ఈ రోజు కూడా తోమి ఉంటారు, అందరి గిన్నెల కంటే శ్రద్ధగా. స్క్రబ్బర్లు మారిస్తే రేపటి సంగతి సర్దుకుంటుంది. ఇన్నాళ్లూ లోపలికి పోయినదాని సంగతేమిటి? దానికి రక్తం పరీక్ష చేయించాలి. కారణం చెప్పకుండా పచ్చి బాలింత చేతికి సూది గుచ్చనిస్తారా ఎవరైనా?

శనివారం పొద్దున్నే వెళ్లి ఇన్‌చార్జితో ఆ మాటే చెప్పాను. ఆయన ఫైళ్లు అటు సర్ది, ఇటు సర్ది, కళ్లజోడు తుడుచుకుని, "జీపులో నాకూ చోటుందా?" అన్నాడు.

పల్లెలో ఆడవాళ్లంతా పెద్దమ్మ వాకిట్లో చేరారు. నేను రెండు గాజు గ్లాసుల్లో వడగట్టిన చింతపండు నీళ్లు పోశాను. ఒకదాంట్లో కొత్త బిళ్ల, రెండోదాంట్లో వాడిన బిళ్ల వేసి నానబెట్టాను. కాసేపటికి బిళ్లలు తీసేసి రెండింట్లోనూ సల్ఫైడు మందు చుక్కలు వేశాను. కుళ్లిన గుడ్ల కంపు కొట్టింది. ముక్కులకు కొంగులు అడ్డుపెట్టుకుని ఒకరినొకరు చూసి నవ్వుకున్నారు. కొత్త బిళ్ల గ్లాసు అలాగే ఉంది. రెండో గ్లాసు మాత్రం చూస్తుండగానే సిరా పోసినట్టు నల్లబడింది. నవ్వులు ఆగిపోయాయి.

"ఈ నలుపు సీసం. బ్యాటరీల్లో ఉండేది. వాగులోకి పోకుండా దీన్ని నారతో పట్టించాను. నార దాన్ని పట్టుకుంది. మీరు చింతతొక్కుతో తోమితే మళ్లీ వదిలి గిన్నెకు అంటిస్తోంది" అన్నాను.

పక్కింటావిడ ముందుకొచ్చింది. "అయితే మేం గది తిన్నమా?"

"తిన్నారు."

"ఎంత తిన్నం?"

"నాకు తెలియదు."

వాకిలంతా గోలగోల అయింది. ఒకావిడ షెడ్డువాణ్ణి తిట్టింది, ఇంకొకావిడ నన్ను తిట్టింది, మూడో ఆవిడ ఏడ్చింది. పెద్దమ్మ తన అరచేతులు చూసుకుంటూ కూర్చుంది. ఊరికి పంచింది తనే మరి. నేను ఆవిడ పక్కన కింద కూర్చున్నాను.

"నీ తప్పేం లేదు పెద్దమ్మా. తప్పు నాది. పారేయండి అని రాశాను. ముట్టుకోవద్దని, ఇళ్లకు తెచ్చుకోవద్దని చెప్పాల్సింది. చెప్పలేదు."

"నువ్వు రాసి ఇచ్చింది షెడ్డోనికి" అంది ఆవిడ తల ఎత్తకుండా. "నార తీసింది నేను. నాకెవలు చెప్పిండ్రు?"

ఆడవాళ్లు ఇళ్లకు వెళ్లి బిళ్లలు తెచ్చి ప్లాస్టిక్ పట్టా మీద కుప్ప పోశారు. మా ఇన్‌చార్జి చేతులకు తొడుగులు వేసుకుని, చెమటలు కక్కుతూ, తనే ఒక్కొక్కటీ డ్రమ్ములోకి వేశాడు. ఆయన వంగి పనిచేయడం నేను చూసింది ఆ ఒక్క రోజే.

అప్పటిదాకా లోపలే ఉన్న కూతురు గడప దగ్గరికి వచ్చింది. చేతుల్లో పాప. ఆకలికి గుక్కపట్టి ఏడుస్తోంది.

"మేడం, నేను పాలియ్యొచ్చా?"

నీళ్ల గురించి ఏమడిగినా చెప్పగలను. పాల గురించి నాకేం తెలుసు? జగదల్పూర్‌లో తెలిసిన పిల్లల డాక్టరు ఉన్నాడు. ఫోనుకు సిగ్నల్ దొరికేది రోడ్డు మీదే. డ్రైవరూ నేనూ పరుగెత్తాం. డాక్టరు అంతా విని, తల్లిపాలు ఆపొద్దని, గిన్నెలు మార్చమని, ఇద్దరి రక్తం తీయించి పరీక్షకు పంపమని చెప్పాడు. అదే తిరిగొచ్చి చెప్పాను. ఆ పిల్ల కదల్లేదు. పాప ఇంకా ఏడుస్తూనే ఉంది.

"డాక్టరు గాడ జగదల్పూర్ల ఉన్నడు. నా బిడ్డను చూసిండా ఏమన్ననా? నువ్వు చెప్పు. నీ బిడ్డైతే ఇస్తవా?"

నాకు ఇద్దరు పిల్లలు. ఇద్దరినీ తలుచుకున్నాను. దేంట్లో ఎంత ఉందో కొలవకుండా ఏ రిపోర్టు మీదా సంతకం పెట్టని దాన్ని. "ఇస్తాను" అన్నాను.

ఆ పిల్ల నా మొహంలోకి కాసేపు చూసింది. తర్వాత గోడ వైపు తిరిగి కూర్చుని పాపను దగ్గరికి తీసుకుంది. ఏడుపు ఆగింది.

రక్తం రాయపూర్ పోయి, ఫలితం రావడానికి పన్నెండు రోజులు పట్టింది. ఈలోగా సోమవారం వచ్చినవాళ్లకు మా ఇన్‌చార్జి తానే చెప్పేశాడు, వాడిన నార ఎక్కడికి పోవాలో తేలేదాకా ఇది ఇంకెక్కడా పెట్టకూడదని. ఆ తర్వాత షెడ్డులో బిళ్లలకూ మూత బిగించే డ్రమ్ము వచ్చింది. తొట్టి దగ్గర ఏం జరుగుతోందో పెద్దమ్మకు ముందు చెప్పాకే ఏదైనా చేసేవాళ్లం. ఆవిడ అడిగే ప్రశ్నలు రాయపూర్ వాళ్లు అడిగినవాటి కంటే గట్టివి. ఇవన్నీ తర్వాతి సంగతులు. ఆ పన్నెండు రోజులూ నేను ఏ ముద్ద తిన్నా ఆ గోడ వైపు తిరిగిన వీపే కళ్ల ముందు ఉండేది.

ఫలితం వచ్చిన రోజు జీపు లేదు. బస్సులో వెళ్లాను. తల్లి రక్తంలో ఉండాల్సినదానికంటే కొంచెం ఎక్కువ ఉంది. పాపలో అంతకంటే తక్కువ. మందులు అక్కర్లేదు, పాలు ఇస్తూనే ఉండాలి, మూడు నెలలకు మళ్లీ చూడాలి అన్నాడు డాక్టరు. వాకిట్లో నిలబడే అంతా చెప్పాను. కూతురు విని, తల ఊపి, పాపను భుజాన వేసుకుని లోపలికి వెళ్లిపోయింది. నేను అరుగు మీద కూలబడ్డాను. ఏడుపు వచ్చింది, ఏడ్చాను.

పెద్దమ్మ నీళ్లు తెచ్చి ఇచ్చి పక్కన కూర్చుంది.

"పన్నెండు దినాలు నీ మాట మీదనే పాలిచ్చింది. నేనొద్దన్న. మేకపాలు పడదమన్న. నా మాట ఇనలే."

"నా మాట ఎలా నమ్మింది పెద్దమ్మా? ఇదంతా నా వల్లే కదా?"

"గదే అడిగిన. ఏమన్నదో ఎరికెనా? 'గా మేడంకి తెల్సిన ఘడియల్నే ఉరికొచ్చి తన తప్పు చెప్పుకున్నది అమ్మా. గసుంటి మనిషి అబద్ధం చెప్పదు' అన్నది."

నేను గ్లాసు కింద పెట్టి సరే అన్నట్టు తల ఊపాను. గురువారం పొద్దున ఆ గిన్నెను చూసి కూడా నోరు మెదపకుండా జీపెక్కానని, సాయంత్రం "సరే సర్" అన్నానని, శుక్రవారమంతా ఊరుకున్నానని ఆ తల్లికీ కూతురికీ ఇప్పటికీ తెలియదు. పాప ఇప్పుడు బడికి పోతోంది, చక్కగా చదువుతోంది. వాళ్లు కనిపించినప్పుడల్లా ఈ మాట నోటిదాకా వస్తుంది, ఆగిపోతుంది. వాళ్లకు చెప్పలేకపోయినది మీకు చెప్పాను.